పిల్లర్ మీద నిలువు పగులు: ముందు ఏ పరీక్ష చేయించాలి?

మాది విశాఖ పెదవాల్తేరులో, సముద్రానికి దగ్గరగా ఉన్న పాత అపార్ట్‌మెంట్. పార్కింగ్‌లో ఒక పిల్లర్‌కి లోపలి ఊచ వెంబడే నిలువుగా పగులిచ్చింది. అంచున తుప్పు మరక, సుత్తితో మెల్లగా తడితే డొల్ల శబ్దం. తుప్పు ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమించి కాంక్రీటును లోపల్నుంచే చీలుస్తుంది, ఉప్పుగాలికి మరీ త్వరగా. మేస్త్రీ పైన సిమెంటు పూసేస్తే చాలంటున్నాడు. నాకైతే నమ్మకం కుదరడం లేదు, పైన చిన్నపిల్లలున్న ఇళ్లున్నాయి. కాంక్రీటు కట్టడాలకి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456లో పగులు వెడల్పుకి చెప్పిన 0.3 మి.మీ. పరిమితి ఇలాంటి తుప్పు పగులుకీ వర్తిస్తుందా? ఊచకి తుప్పు పడుతోందా అని వోల్టేజీ కొలిచి అంచనా వేసే హాఫ్ సెల్ పరీక్షలో రీడింగు మైనస్ 350 మిల్లీవోల్టులకన్నా కిందికి పోతే తుప్పు దాదాపు ఖాయమంటారు. అది ముందా, కాంక్రీటులోకి ఉప్పు ఎంత చేరిందో చూసే క్లోరైడ్ పరీక్ష ముందా? ఈలోగా పగులు పెరుగుతోందో లేదో చూడ్డానికి, పెరిగితే విరిగేలా పగులుకి అడ్డంగా గాజుముక్క అంటిస్తే సరిపోతుందా? తెలిసిన సివిల్ ఇంజినీర్లు దయచేసి చెప్పండి.