గోంగూర అయిపోయిన రోజు అసలు గిరాకీ ఎంతో ఎలా లెక్కగట్టాలి?

అందరికీ నమస్కారం. బెంగళూరు మారతహళ్లిలో అన్నయ్యా నేనూ చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లకు కూరగాయలు, సరుకులు ఇంటికి చేరవేస్తుంటాం. రేపటికి ఎంత సరుకు తేవాలో పాత ఆర్డర్లను బట్టి పైథాన్‌లో ప్రోగ్రామ్ రాసి అంచనా కడుతున్నాను. బియ్యం, ఉల్లిపాయలతో ఇబ్బంది లేదు. చిక్కంతా ఆకుకూరలతోనే.

శనివారం 40 కట్టల గోంగూర తెస్తే తొమ్మిదిన్నరకే అయిపోతుంది. ఆ తర్వాత అడిగి వెనక్కెళ్లినవాళ్లు లెక్కలో ఎక్కడా కనపడరు. అంచనా కట్టే మోడల్ మాత్రం మళ్లీ 40 చాలంటుంది. పోనీ అని 60 తెచ్చామా, మిగిలిన కట్టలు సాయంత్రానికి ఆకు వేలాడేసి నల్లబడతాయి. వాటిని పారబోస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

ఉగాది 2024లో ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న వచ్చింది కదా, అందుకని తేదీ బదులు పండక్కి ఎన్ని రోజులుందో ఒక కాలమ్ పెట్టుకున్నాను. అది బాగానే పనిచేస్తోంది.

సరుకు అయిపోయిన రోజుల్ని డేటాలోంచి తీసేయాలా? లేక మిగతా రోజుల గంటలవారీ అమ్మకాలతో పోల్చి ఆ రోజు గిరాకీని పెంచి రాసుకోవాలా? తీసేస్తే గిరాకీ బాగున్న రోజులే పోతాయని నా భయం. ఇలాంటి పని చేసినవాళ్లుంటే దయచేసి చెప్పండి.