రెండేళ్ల పాప పుట్టినరోజు పిలుపు: చేతితో చేసిన కార్డులు ఎవరి కోసం?

రెండేళ్ల పాప తల్లి (చర్చ ప్రారంభం)

మా పాపకు వచ్చే నెలలో రెండేళ్లు నిండుతాయి. 18 కుటుంబాలను పిలవాలని అనుకున్నాము. ఆహ్వానాలను చేతితోనే తయారు చేయాలని నా కోరిక. ఫోనులో ఒక బొమ్మ, నాలుగు మాటలు పంపితే చాలునని మావారి అభిప్రాయం. ఇంతే అయితే ఇంట్లోనే తేల్చుకునేవాళ్లం. మొన్న జరిగిన ఒక సంగతి వల్ల ఇక్కడ అడుగుతున్నాను.

కార్డు మీద పాప అరచేతి ముద్ర వేయిద్దామని, నీళ్లతో కడిగితే పోయే రంగును స్పాంజితో ఆమె చేతికి పల్చగా రాశాను. రంగు చల్లగా తగలగానే పాప పిడికిలి బిగించి, చేతిని పొట్టకు ఆనించుకుని ఏడవడం మొదలుపెట్టింది. నేను ఒక్కొక్క వేలూ విప్పి కాగితం మీద అదిమి పట్టాను. ముద్ర ఎంతో చక్కగా పడింది, అయిదు వేళ్లూ విడివిడిగా కనిపిస్తున్నాయి. కానీ ఆ కాగితం చూసినప్పుడల్లా నాకు ఆ పిడికిలే గుర్తుకు వస్తున్నది. ఇంత చిన్న బిడ్డ పుట్టినరోజుకు కార్డులు చేయడం బిడ్డ కోసమా, మన ముచ్చట కోసమా? చేయవచ్చునంటే అందులో బిడ్డ చేయి ఎంతవరకు ఉండాలి?

ఇద్దరు పిల్లల తండ్రి

మీవారి మాటతోనే నేను ఏకీభవిస్తున్నాను, అందుకు కారణం నా అనుభవమే. మా పెద్దవాడి రెండో పుట్టినరోజుకు నేనూ నా భార్యా అయిదు రాత్రులు కూర్చుని 40 కార్డులు చేశాము. పగలు ఉద్యోగం, రాత్రి కత్తెర. ఆ వారమంతా పిల్లవాడు బల్ల దగ్గరకు వస్తే "ముట్టుకోకు, గమ్ ఆరలేదు" అనడమే సరిపోయింది. వాడి పండుగ కోసం వాడినే దూరంగా కూర్చోబెట్టామని తరువాత తెలిసి ఎంతో బాధపడ్డాను. పైగా వేడుకకు రెండు రోజుల ముందు వాడికి జ్వరం వచ్చి తేదీ మార్చవలసి వచ్చింది. కార్డులు అందుకున్న వారందరికీ మళ్లీ ఫోను చేసి చెప్పాము. ఆ సమాచారం మొదటే సందేశంగా వెళ్లి ఉంటే ఒక్క నిమిషంలో సరిదిద్దేవాళ్లం.

మరొక మాట. అచ్చు క్రిస్మస్ కార్డు పుట్టుకే తీరిక లేకపోవడంలో ఉన్నది. 1843లో హెన్రీ కోల్ అనే ఆయన, బంధుమిత్రులందరికీ విడివిడిగా ఉత్తరాలు రాసే తీరిక లేక, జాన్ కాల్‌కాట్ హార్స్‌లీ అనే చిత్రకారుడి చేత బొమ్మ గీయించి క్రిస్మస్ కార్డులు అచ్చు వేయించాడు. ఆనాటి మనిషికే లేని తీరిక చంటిబిడ్డ ఉన్న ఇంట్లో ఎక్కడి నుంచి వస్తుంది?

కాగితపు పని నేర్పే ఉపాధ్యాయిని

అమ్మా, మీరు అడిగిన రెండో ప్రశ్నకే మొదట జవాబు చెప్తాను, ఎందుకంటే మొదటి ప్రశ్నకు జవాబు దానిలోనే ఉన్నదని నా నమ్మకం. చేతి ముద్ర విషయంలో మీకు కలిగిన సంకోచం న్యాయమైనదే. చేతికి తడి తగలడం ఆ వయసు పిల్లల్లో కొందరికి ఏమాత్రం నచ్చదు. కొందరు అదే రంగులో మోచేతి దాకా ముంచుతారు. మీ పాప తనకు నచ్చలేదని చేతనైన భాషలో చెప్పింది. ఆ ముద్రను వాడకండి. వేరే దారి ఉన్నది.

రెండేళ్ల బిడ్డ క్రేయాన్‌ను పిడికిలితో పట్టుకుంటుంది, గీతను వేళ్లతో కాక భుజం నుంచి, మొత్తం చేతిని ఊపుతూ గీస్తుంది. అందుకే అరచేయంత కార్డును ఆమె ముందు పెట్టి "గీయమ్మా" అంటే గీత కార్డు దాటి నేల మీదకు పోతుంది, మనం చేయి పట్టి ఆపుతాము, గొడవ అక్కడే మొదలవుతుంది. చిన్న కార్డు బదులు పెద్ద కాగితం ఇవ్వండి. ఏ3 కాగితాన్ని (మామూలు ఏ4 కాగితానికి రెట్టింపు) నాలుగు మూలలా టేపుతో నేలకు అంటించి, లావుపాటి క్రేయాన్‌లు రెండు మూడు మాత్రమే పక్కన పెట్టండి. అయిదు నిమిషాలు గీస్తుందో, ఒక్క నిమిషం గీసి లేచిపోతుందో ఆమె ఇష్టం. మరునాడు మళ్లీ పెట్టవచ్చు. ఒక ఏ3 కాగితాన్ని కోస్తే ఏ6 ముక్కలు (ఏ4లో నాలుగో వంతు) ఎనిమిది వస్తాయి. మీకు 18 కావాలి కనుక మూడు కాగితాలు చాలు, ఆరు ముక్కలు మిగులుతాయి కూడా. గీత పడని ఖాళీ ముక్కలు కొన్ని ఎలాగూ ఉంటాయి.

ఇక కార్డు అట్ట. 200 నుంచి 250 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు ఎన్ని గ్రాముల బరువో చెప్పే లెక్క) ఉన్న ఏ4 అట్టను అడ్డంగా రెండుగా కోసి, ఒక్కొక్క సగాన్ని మధ్యకు మడిస్తే ఏ6 కార్డు తయారవుతుంది. 18 కార్డులకు 9 అట్టలు. కాగితానికి పోగుల వాలు ఉంటుంది, అంటే అందులోని పోగులు ఎక్కువగా ఒకే దిశలో ఉంటాయి. అట్టను మెల్లగా ఒకవైపు, తరువాత రెండోవైపు వంచి చూడండి. ఏ వైపు సులువుగా వంగితే మడత కూడా ఆ వైపే రావాలి, అప్పుడు మడత గీత వాలు వెంట ఉంటుంది. వాలుకు ఎదురుగా మడిస్తే మడత మీద పొర పగిలి తెల్లగా పీచు తేలుతుంది. మడిచే ముందు స్కేలు ఆనించి, సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో ఒకసారి గట్టిగా గీస్తే మడత సూటిగా కూర్చుంటుంది. పాప గీసిన ముక్కను చుట్టూ అర సెంటీమీటరు తగ్గించి కోసి అంటిస్తే అట్ట రంగు అంచులా కనిపిస్తుంది. నీళ్ల గమ్ వద్దు. అది ఒకవైపే కాగితాన్ని తడిపి ఉబ్బిస్తుంది, కార్డు వంకర తిరుగుతుంది. గ్లూ స్టిక్ అయితే ఆ బాధ ఉండదు. ఈ పని అంతా బిడ్డ నిద్రపోయాక రెండు గంటల్లో అయిపోతుంది. పై సోదరుడు చెప్పిన అయిదు రాత్రులు పట్టదు.

చదువరి (ఒక బాబు తల్లి)

టీచరుగారి మీద గౌరవంతోనే ఒక అభ్యంతరం చెప్తున్నాను. బిడ్డ పెద్ద కాగితం మీద గీసింది ఒకే బొమ్మ. దానిని ఎనిమిది ముక్కలు చేసి అందమైన చోటు ఎంచి అంటించేది మనం. చేతిని అదిమి ముద్ర వేయించడం తప్పని ఒప్పుకుని, గీసిన బొమ్మను కోయడం ఒప్పని ఎలా అంటాము? మా బాబు తన గీతల కాగితాన్ని రోజంతా చంకలో పెట్టుకుని తిరిగేవాడు. దానిని చెత్త అనుకుని నేను పారేసిన రోజు వాడు బుట్టలో వెతికాడు. అలాంటి బిడ్డ ముందు కత్తెర పట్టుకోగలమా?

కాగితపు పని నేర్పే ఉపాధ్యాయిని

మీ అభ్యంతరాన్ని తోసిపుచ్చలేను. ఈ వయసు పిల్లలు చాలామంది గీయడంలో ఉన్న ఊపును, కాగితం మీద రంగు పుట్టుకురావడాన్ని ఇష్టపడతారు, గీసిన తరువాత దానిని మరచి వెళ్లిపోతారు. నేను చూసిన పిల్లల్లో ఎక్కువ మంది అలాంటివారే. మీ బాబు అలాంటివాడు కాడు. అందుచేత ఒక నియమం పెట్టుకుందాం: గీసిన కాగితాలను ఒక రోజంతా బిడ్డకు అందేచోట ఉంచాలి, ఏ కాగితం కోసం చేయి చాస్తే ఆ కాగితానికి కత్తెర తగలకూడదు. అయినా, ముద్ర వేయించినప్పుడు బిడ్డ ఏడ్చింది, గీయడమైతే బిడ్డ ఇష్టంతో జరిగేది. నాకు ఆ తేడా చిన్నదిగా కనిపించడం లేదు.

మనవరాలిని పెంచుతున్న తాత

చర్చలో ఇంతవరకు రాని విషయం ఒకటి చెప్పాలి. ఈ కార్డులు వెళ్లే ఇళ్లలోనూ చంటిపిల్లలే ఉంటారు, వారి చేతికి వచ్చినది నోటికి పోతుంది. గుండీలు, పూసలు, అతికించే కదిలే కళ్లు, చెమ్కీలు ఏవీ వద్దు. మూడేళ్లలోపు పిల్లల ఆటవస్తువులను పరీక్షించడానికి దాదాపు 32 మిల్లీమీటర్ల వెడల్పున్న చిన్న గొట్టాన్ని వాడతారు. అందులో పూర్తిగా ఇమిడిపోయే ముక్క గొంతుకు అడ్డం పడగలదని లెక్క. గుండీ, పూస అందులో సునాయాసంగా పడిపోతాయి. తెరిస్తే పాట పాడే కార్డులు చేద్దామని ఎవరైనా అంటే అసలు ఒప్పుకోకండి, వాటిలో ఉండే గుండీ బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చగలదు. మెరుపు పొడి కూడా ప్లాస్టిక్ ధూళే. ఐరోపా సమాఖ్య విడి ప్లాస్టిక్ మెరుపు పొడి అమ్మకాన్ని 2023 అక్టోబరు నుంచి నిషేధించింది. క్రేయాన్ గీత ఉన్న కార్డుకు వేరే మెరుపు ఎందుకు?

ఇద్దరు పిల్లల తండ్రి

రెండు గంటల పని అంటే నా వాదనలో సగం పోయినట్లే, ఒప్పుకుంటున్నాను. మిగిలిన సగం మాత్రం వదులుకోను. తేదీ, వేళ, చిరునామా కార్డు మీద రాస్తే మార్పు వచ్చినప్పుడు మళ్లీ అదే తిప్పలు. అయితే నేను మెచ్చుకున్న ఫోను పద్ధతిలో ఒక లోపం ఇప్పుడు తోస్తున్నది. మా రెండోదాని పుట్టినరోజు పిలుపులో పూర్తి పేరు, పుట్టిన తేదీ, ఇంటి చిరునామా, ఫొటో అన్నీ ఒకే బొమ్మలో పెట్టి పంపాము, అది చేతులు మారి మాకు పరిచయం లేని వారి నుంచి శుభాకాంక్షలుగా తిరిగివచ్చింది. ఇప్పుడైతే కార్డులో పిలుపు మాత్రమే రాసి, వేళ, చిరునామా విడిగా ఎవరికి వారికి సందేశంగా పంపుతాను.

రెండేళ్ల పాప తల్లి

అందరికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం కాగితాలు నేలకు అంటించాను. పాప నీలి క్రేయాన్ ఒక్కటే తీసుకుంది, ఎరుపు ఇస్తే విసిరివేసింది. మొదటి కాగితం మీద గుండ్రంగా తిప్పుతూ పోయింది, రెండో దాని మీద చుక్కలు పొడిచింది, మూడోదాని దగ్గర కూర్చుని దానినే చుట్టి నిద్రపోయేదాకా వదలలేదు. మూడోది కోయను. చదువరిగారి మాట లేకపోతే తెల్లవారేసరికి కోసి ఉండేదాన్ని.

మిగిలిన రెండు కాగితాల నుంచి 16 ముక్కలు వచ్చాయి, రెండు తక్కువ పడ్డాయి. ఆ రెండూ పాప ఇష్టపడితే మరో కాగితం మీద, లేకపోతే గీతలు లేకుండానే వెళతాయి. లోపల ప్రతి కార్డులోనూ మేము పిలుస్తున్న ఇంటి బిడ్డ పేరు నేను రాస్తాను. వేళ, చిరునామా సందేశంగా పంపే పని మావారు తీసుకున్నారు. అరచేతి ముద్ర కాగితం ఏం చేయాలో ఇంకా తేల్చుకోలేదు. ప్రస్తుతానికి సొరుగులో బోర్లా పెట్టాను.