పాత అంబాసిడర్ డిస్ట్రిబ్యూటర్ షాఫ్ట్ ఊగుతోంది: బుష్ వేయించాలా, కొత్తది కొనాలా?

ప్రశ్న, హనుమకొండ నుంచి:
అన్నలందరికీ నమస్తే. మా బాపు నడిపిన 1971 అంబాసిడర్ మార్క్ 2, పెట్రోల్ బండి, ఇప్పుడు నా దగ్గర ఉంది. పోయిన వారం ఇంట్లోవాళ్లతో రామప్ప గుడికి పోయి తిరిగి వస్తుంటే ములుగు దాటాక మిస్సింగ్ మొదలైంది. గట్టిగా తొక్కితే బండి దగ్గుతుంది, సైలెన్సర్‌లో టప్పుమని పేలుతుంది. పిల్లలు భయపడ్డారు, నాకూ టెన్షన్ అయింది. ఇప్పటికే కార్బురేటర్ కడిగించాను. ప్లగ్గులు, సీబీ పాయింట్లు (కాయిల్ కరెంటును కలిపి విడదీసే చిన్న స్విచ్), కండెన్సర్ మార్చాను. పాయింట్లు మార్చినప్పుడు రెండు రోజులు బాగుండి మళ్లీ మొదటికే వచ్చింది. ఒక గ్యారేజీలో చూపిస్తే, ప్లగ్గులకు వంతులవారీగా స్పార్క్ పంచే భాగం ఉంది కదా, "ఆ డిస్ట్రిబ్యూటర్ అయిపోయింది, కొత్తది వేద్దాం, పాతది ఇక్కడే వదిలెయ్" అన్నారు. నాకు మనసొప్పలేదు. ఏం చేయమంటారు?

జవాబు, కాజీపేట నుంచి:
తమ్ముడూ, పాతది ఎవరికీ ఇవ్వకు. ముందు అది నిజంగా అరిగిందో లేదో నువ్వే చూసుకో, పావుగంట పని. క్యాప్, రోటర్ తీసి షాఫ్ట్ పైభాగం రెండు వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ నెట్టు. రోటర్ కొంచెం తిరిగి స్ప్రింగులా వెనక్కి వస్తే అది మామూలే, లోపల వెయిట్లు ఉంటాయి. చూడాల్సింది పక్కకు ఊగుడు. తర్వాత ఇంజన్ చేత్తో తిప్పుతూ క్యామ్ (షాఫ్ట్ మీద ఉండి పాయింట్లను తెరిచే భాగం) నాలుగు మూలల దగ్గరా పాయింట్ గ్యాప్ కొలువు. లూకాస్ డిస్ట్రిబ్యూటర్‌కు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉండాలి. ఒక మూల దగ్గర సరిపోయి ఇంకో మూల దగ్గర తేడా వస్తే, లేదా షాఫ్ట్ నెట్టినప్పుడు గ్యాప్ మారితే, బుష్ (షాఫ్ట్‌ను పట్టి ఉంచే లోహపు గొట్టం) అరిగినట్టే.

గ్యాప్ మారితే ఆ సిలిండర్‌కు స్పార్క్ వచ్చే సమయమూ మారిపోతుంది. డిస్ట్రిబ్యూటర్ క్రాంక్ కంటే సగం వేగంతో తిరుగుతుంది కదా, ఇక్కడ ఒక డిగ్రీ తేడా వస్తే క్రాంక్ దగ్గర రెండు డిగ్రీలు. గ్యాప్ ఎక్కువైన మూల దగ్గర కాయిల్ (స్పార్క్‌కు కావాల్సిన కరెంటు ఇచ్చేది) నిండడానికి టైమ్ కూడా తగ్గుతుంది. అందుకే నువ్వు ఎన్ని పాయింట్లు మార్చినా నిలవట్లేదు.

డిస్ట్రిబ్యూటర్‌కు వచ్చే వ్యాక్యూమ్ (ఇంజన్ పీల్పు) పైపు కూడా ఊడదీసి నోటితో పీల్చి నాలుకతో మూసి చూడు. లోపలి ప్లేటు కదిలి అలాగే ఆగాలి. వెంటనే వెనక్కి జారితే లోపలి పొర, అంటే డయాఫ్రమ్ చిరిగింది.

జవాబు, కరీంనగర్ నుంచి:
నేను పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ కిట్ వేశాను, మూడేళ్లుగా బాగుంది. అయితే షాఫ్ట్ ఊగుతుంటే కిట్ వేసినా టైమింగ్ (స్పార్క్ వచ్చే సమయం) నిలవదు. ముందు బుష్ సంగతి చూడండి. ఇంకో మాట, కిట్ కొనే ముందు మీ బండికి బ్యాటరీ ఏ వైపు ఎర్త్ ఉందో చూసుకోండి. తప్పు వైపు కలిపితే కిట్ ఆ క్షణంలోనే కాలిపోతుంది.

ప్రశ్న వేసినవారు:
కొలిచాను అన్నా. షాఫ్ట్ ఇటు నెడితే 0.25, అటు నెడితే 0.50 వస్తోంది. డయాఫ్రమ్ మాత్రం పట్టి ఉంచుతోంది. క్యాప్‌లో పగుళ్లు లేవు.

జవాబు, కాజీపేట నుంచి:
అయితే బుష్ పోయింది, అనుమానం లేదు. బాడీ, వెయిట్లు, క్యామ్ బాగుంటే దాన్నే బాగుచేయించు. రాణిగంజ్‌లో వెతికితే పాత డిస్ట్రిబ్యూటర్లు దొరుకుతాయి కానీ వాటి బుష్ కూడా ఎన్నేళ్లు తిరిగిందో ఎవరికి తెలుసు? కొంటే మాత్రం షాఫ్ట్ ఊపి చూసి కొను.

విప్పేటప్పుడు తొందర పడకు. మొదటి సిలిండర్ కంప్రెషన్ చివరకు తెచ్చి, రోటర్ ఎటు చూస్తోందో బాడీ మీద పెయింట్‌తో గీత పెట్టు, ఫోటో తీసుకో. కింద క్లాంప్ ప్లేటును ఇంజన్‌కు పట్టించిన రెండు బోల్టులే విప్పు. బాడీని బిగించిన పించ్ బోల్టు ముట్టుకోకు, అప్పుడు టైమింగ్ ఉన్నచోటే ఉంటుంది. మళ్లీ బిగించేదాకా ఇంజన్ తిప్పొద్దు.

షాఫ్ట్ అడుగున ఇంజన్‌తో కలిసే ముక్కకు, అంటే డ్రైవ్ డాగ్‌కు, ఒక పిన్ను ఉంటుంది. దాన్ని కొట్టి తీసే ముందు డాగ్, షాఫ్ట్ రెండింటి మీదా గుర్తు పెట్టు. డాగ్ నాలుక ఒక పక్కకు జరిగి ఉంటుంది, అందుకే డిస్ట్రిబ్యూటర్ ఇంజన్‌లో ఒకే విధంగా కూర్చుంటుంది. డాగ్‌ను తిప్పి బిగిస్తే రోటర్ సరిగ్గా ఎదురు దిక్కు చూస్తుంది, బండి స్టార్ట్ కాదు. నేను నేర్చుకునే రోజుల్లో ఈ తప్పు చేసి ఒక రోజంతా కాయిల్ మీద అనుమానపడ్డాను.

లేత్ పనికి ఇచ్చేటప్పుడు షాఫ్ట్ కూడా తీసుకెళ్లు. అరిగిన చోట, అరగని చోట మైక్రోమీటర్‌తో కొలిపించు. షాఫ్టే సన్నబడితే కొత్త బుష్ ఒక్కటీ వేసి లాభం లేదు. ఆటోనగర్ వైపు ఓపికగా చేసే లేత్ వాళ్లు ఉన్నారు, దగ్గర నిలబడి చేయించుకో.

జవాబు, జనగామ నుంచి:
రెడీమేడ్ బుష్ దొరికితే అది నూనె పీల్చే రకం అయి ఉంటుంది. బిగించే ముందు ఇంజన్ ఆయిల్‌లో 24 గంటలు నానబెట్టండి. టైమ్ లేకపోతే 100 డిగ్రీల వేడి ఆయిల్‌లో రెండు గంటలు ఉంచి చల్లారనివ్వండి. నానబెట్టకుండా వేస్తే కొత్త బుష్ కూడా తొందరగా అరుగుతుంది. గన్‌మెటల్ (ఒక రకం కంచు) ముక్క కోయిస్తే నూనె దిగడానికి దారి పెట్టించండి.

ప్రశ్న వేసినవారు:
పది రోజుల తర్వాత రాస్తున్నాను. షాఫ్ట్ అరగలేదు, బుష్ మాత్రమే వేయించాను. నాలుగు మూలలా గ్యాప్ 0.38 నిలిచింది. కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కు వచ్చే వైరు దగ్గర ఒక బల్బు కొస పెట్టి, రెండో కొస ఎర్త్ చేసి, చేత్తో ఇంజన్ తిప్పుతూ పాయింట్ విడిపోగానే బల్బు వెలిగే చోట టైమింగ్ పెట్టాను. ప్లగ్ వైర్లు సిలిండర్లు 1, 3, 4, 2 వరుసలో, రోటర్ తిరిగే దిక్కున, అంటే పైనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే దిక్కుకు వ్యతిరేకంగా పెట్టాను.

అయినా యాక్సిలరేటర్ ఒక్కసారిగా తొక్కితే చిన్న తడబాటు ఉంది.

జవాబు, కాజీపేట నుంచి:
పాయింట్లు కూర్చునే ప్లేటుకు బాడీ నుంచి ఒక చిన్న ఎర్త్ వైరు ఉంటుంది, అది చూడు. వ్యాక్యూమ్‌తో ప్లేటు కదిలినప్పుడల్లా అది వంగి వంగి గుడ్డ తొడుగు లోపలే తెగిపోతుంది. పైకి బాగానే కనిపిస్తుంది.

ప్రశ్న వేసినవారు:
అదే అన్నా! పట్టుకుంటే చేతికే వచ్చింది. మెత్తటి వైరు వేసి సోల్డర్ చేశాను. రోటర్ కింద రెండు చుక్కలు ఇంజన్ ఆయిల్, క్యామ్ మీద కొంచెం గ్రీజు పెట్టి, నిన్న పొద్దున పరకాల దాకా పోయి వచ్చాను. ఎక్కడా దగ్గలేదు. బాపును ముందు సీట్లో కూర్చోబెట్టుకుని పోయాను, దారి పొడుగునా ఆయన ఇంజన్ చప్పుడే వింటూ కూర్చున్నారు.