సైకిల్ మీద స్పితి: కుంజుమ్ కనుమ దాటినవాళ్లు మీ అనుభవం చెప్పండి

రామంతాపూర్_రైడర్:
అందరికీ నమస్కారం. సెప్టెంబరులో హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి లోయకు సైకిల్ మీద వెళ్లాలని నిర్ణయించుకున్నాను. నాకు 44 ఏళ్లు. ప్రతి ఆదివారం వికారాబాద్ వెళ్లి అనంతగిరి ఘాట్ ఎక్కి వస్తాను. శ్రీశైలం రెండుసార్లు తొక్కాను. మనాలిలో మొదలుపెట్టి రోహ్‌తంగ్, గ్రంఫు, ఛత్రు, బాతల్, కుంజుమ్ మీదుగా ఐదు రోజుల్లో కాజా చేరాలని ప్లాన్. మొత్తం 200 కిలోమీటర్లే కదా అనిపిస్తోంది. మట్టి రోడ్డు, రోడ్డుకడ్డంగా పారే నాలాలు, ఎత్తు, ఈ మూడింటిలో దేనికి ఎక్కువ జాగ్రత్తపడాలో తెలియట్లేదు.

మౌలాలి_గట్టు:
అన్నా, ఎత్తుకే భయపడు. మిగతా రెండు కండ్లకు కనవడ్తయి, ఇది కనవడదు. మేం ముగ్గురం 2019ల ఇదే దారిల పోయినం. ముగ్గుర్ల గట్టిగ తొక్కేటోన్ని నేనే, రోజూ ముందట నేనే. రోహ్‌తంగ్ 3,978 మీటర్లు, అది దాటేటప్పుడు ఏం కాలె. మూడో రాత్రి బాతల్ల పండుకున్నం. నడిరాత్రి తలకాయ పగిలిపోతుందేమో అన్నంత నొప్పి లేసింది. తాగిన నీళ్లు గూడ కడుపుల ఆగలె. తెల్లారంగనే ఒక ట్రక్కాయన కిందికి తీస్కపోయిండు. మనాలి చేరినంక సాయంత్రానికల్లా మంచిగైన. ఎనక మెల్లగ తొక్కుకుంట వచ్చిన దోస్తులిద్దరు కుంజుమ్ దాటిన్రు. నేను ఇప్పటిదాంక చూడలె. ఐదు రోజులల్ల కాజా అంటే వద్దన్నా, నా మాటిను.

అల్వాల్_డాక్టర్:
పై అనుభవం చాలా మామూలుగా జరిగేదే. ఒంట్లో బలం, రోజూ చేసే సాధన ఎత్తువల్ల వచ్చే జబ్బును ఆపవు. పైగా బలమున్నవాళ్లు ఒక్కరోజులో ఎక్కువ ఎక్కేస్తారు కాబట్టి వాళ్లకే ముందు దెబ్బ తగులుతుంది. కుంజుమ్ 4,550 మీటర్లు. అక్కడి గాలి ఒత్తిడి సముద్రమట్టం దగ్గరున్న దాంట్లో సగానికి కాస్త ఎక్కువ, అంతే. దానికి ఒళ్లు సర్దుకోవాలంటే ఊపిరి వేగం పెరగాలి, రక్తంలో ఆమ్ల క్షార సమతూకాన్ని కిడ్నీలు సరిచేయాలి. ఆ పనికి రోజులు పడుతుంది, తొందరపెట్టలేం.

3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు. మూడు నాలుగు రోజులకొకసారి ఎక్కకుండా ఆగాలి. పగలు ఎంత ఎత్తుకు వెళ్లొచ్చారన్నది కాదు, రాత్రి ఎక్కడ పడుకున్నారన్నది ముఖ్యం. డయామాక్స్ మాత్ర ఆ సర్దుబాటును త్వరపరుస్తుంది. అయితే సల్ఫా మందులు పడనివాళ్లు ఉంటారు, డోసు సంగతీ ఉంది. కాబట్టి ఇక్కడే మీ డాక్టరును అడిగి తీసుకోండి.

సైకిల్ తొక్కేవాళ్లకు ఇంకో చిక్కుంది. ఎండ, అలసట, నీళ్లు చాలకపోవడం, వీటివల్ల వచ్చే తలనొప్పి కూడా అచ్చం అలాగే ఉంటుంది. అక్కడ ఏ తలనొప్పి వచ్చినా ఎత్తువల్లే అనుకుని ఆ రోజుకు ఎక్కడం ఆపేయండి. కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే, నడుస్తుంటే అడుగు తూలితే, తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు. ఏ బండి దొరికితే ఆ బండిలో అప్పుడే కిందికి దిగాలి. ఈ మాట ఎన్నిసార్లైనా చెప్తాను.

కొత్తపేట_కొండదారి:
దారిని తిరగేయండి, సగం చిక్కు తీరిపోతుంది. మేమిద్దరం సిమ్లాలో మొదలుపెట్టి కిన్నౌర్ మీదుగా వెళ్లాం. రామ్‌పూర్, రికాంగ్ పియో, నాకో, తాబో, కాజా. దూరం రెట్టింపు పైనే, కానీ ఎత్తు నిదానంగా పెరుగుతుంది. రామ్‌పూర్ దగ్గర సట్లెజ్ పక్కన తొక్కుతుంటే మన మే నెల ఎండే. ఖాబ్ దగ్గర స్పితి నది వచ్చి సట్లెజ్‌లో కలుస్తుంది, అక్కడినుంచి చెట్టు కనిపించడం మానేస్తుంది. నాకో 3,600 మీటర్ల పైన, అక్కడ రెండు రాత్రులు ఉన్నాం. తాబో మళ్లీ కిందికి, సుమారు 3,300. అందుకే తాబోలో హాయిగా నిద్రపట్టింది. క్రీ.శ. 996లో కట్టిన మట్టి గోడల మఠం ఉంది అక్కడ. లోపల చీకటికి కళ్లు అలవాటు పడ్డాక గోడల మీది బొమ్మలు ఒక్కొక్కటే బయటపడతాయి. దానికోసం ఒక పూట వదులుకోండి.

కాజాలో మూడు రోజులు. పగలు లాంగ్‌జా, హిక్కిం ఎక్కి రాత్రికి కాజాకే దిగాం. హిక్కిం పోస్టాఫీసు 4,400 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడినుంచి అమ్మకు కార్డు రాశాను.

అసలు నేను చెప్పాలనుకున్నది లోసర్ తర్వాతి రోజు. లోసర్ ఊరు చివర బఠాణీ చేలు దాటితే కుంజుమ్ దాకా 19 కిలోమీటర్లు, మాకు ఐదు గంటలు పట్టింది. కంకర, దుమ్ము, మధ్యమధ్యలో తవుడులాంటి మెత్తటి మట్టి. చక్రం దిగబడిపోతే దిగి తోశాం. గాలి చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. మన గండిపేట బండల మధ్య పొద్దున్నే ఉండే నిశ్శబ్దం నాకు తెలుసు, దాంట్లో పిట్టలుంటాయి. ఇక్కడ నా ఊపిరే నాకు వినపడింది. పైన రంగు జెండాలు కనిపించగానే ఇద్దరికీ ఏడుపొచ్చింది, ఎందుకో ఇప్పటికీ చెప్పలేను.

మౌలాలి_గట్టు:
అన్నా, నువ్వు రాసింది సదువుతుంటే మళ్ల పోబుద్ధైతుంది. నాలాల సంగతి నేను చెప్త. అవి మంచు కరిగి వచ్చే నీళ్లు. ఎండ ఎక్కేకొద్ది పెరుగుతయి. ఛత్రు దాటినంక ఒకటి పొద్దుగాల ఏడింటికి మోకాళ్ల కిందికే ఉండె, మధ్యాన్నం అదే నాలా తొడల దాంక వచ్చిందని ఎదురొచ్చినోళ్లు చెప్పిన్రు. పొద్దుగాలనే దాటాలె. బ్యాగులు తీసి ముందు వాటిని అవతల పెట్టి రా, తర్వాత సైకిల్. సైకిల్‌ను నీళ్లు పోయే దిక్కు పట్టుకో, ఎగువ దిక్కు పట్టుకుంటే వచ్చి నీ మీదనే పడ్తది. వట్టి కాళ్లతోని దిగకు, రాళ్లు కోస్తయి.

నాచారం_స్పోక్:
సైకిల్ గురించి. సన్న టైర్లతో వెళ్లకండి, రెండు అంగుళాలకు తక్కువ వద్దు. గాలి కొంచెం తగ్గించి తొక్కితే చేతులు బతుకుతాయి. ముందు చిన్న పళ్లచక్రం కన్నా వెనక పెద్దది పెద్దగా ఉండాలి. ముందు 22 పళ్లుంటే వెనక 34, లేదా 30కి 46, ఆ లెక్కలో. శ్రీశైలం రోడ్డుకు సరిపోయిన గేర్లు అక్కడ సామానుతో చాలవు. ఆ కుదుపులకు క్యారియర్ బోల్టులు వాటంతటవే ఊడతాయి, రోజూ సాయంత్రం పానాతో బిగించాలి. బ్రేక్ ప్యాడ్లు రెండు జతలు ఎక్కువ పెట్టుకోండి, దుమ్ములో మెటల్ ప్యాడ్లు ఎక్కువ రోజులు వస్తాయి.

అన్నిటికన్నా ముఖ్యం డిరైలర్ హ్యాంగర్, అంటే వెనక గేర్లు మార్చే డిరైలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న లోహపు ముక్క. మీ ఫ్రేముకు సరిపోయేది ఒకటి ఇక్కడే కొని జేబులో వేసుకోండి. మాది బస్సు టాపు మీద ఎవరో ట్రంకుపెట్టె పెడితే వంగిపోయింది. కాజాలో ఆ ముక్క దొరకక చైన్ కురచ చేసి ఒకే గేరుతో తిరిగొచ్చాం. బస్సెక్కించే ముందే డిరైలర్ విప్పి గుడ్డలో చుట్టేయండి.

రామంతాపూర్_రైడర్:
ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ చాలా థాంక్స్. సిమ్లా నుంచే మొదలుపెడతాను, 16 రోజులు సెలవు అడుగుతాను. తిండి సంగతేంటి? స్టవ్ తీసుకెళ్లి అన్నం వండుకోవచ్చా?

సఫిల్‌గూడ_సవారీ:
కుక్కర్ లేకుండా అన్నం ఉడకదండీ. నాలుగు వేల మీటర్ల మీద నీళ్లు 87 డిగ్రీలకే మరిగిపోతాయి. గంటసేపు ఉడికించినా పప్పు పలుకుగానే ఉంటుంది, గ్యాసు దండగ. అటుకులు తీసుకెళ్లండి. వేడినీళ్లు పోసి, వేయించిన పల్లీలు, కారప్పొడి కలిపితే పొద్దుటికి చాలు. దారిలో తినడానికి పల్లీపట్టీలు, నువ్వుండలు. ఆకలి చచ్చిపోయినా అవి మాత్రం దిగుతాయి. ధాబాల్లో రాజ్మా అన్నం, తుక్పా (నూడుల్స్ సూప్) దొరుకుతాయి. కానీ లోసర్, బాతల్ మధ్య ఏమీ లేదు, నాలుగు లీటర్ల నీళ్లతో బయల్దేరండి. చేతిలో నోట్లు పెట్టుకోండి. బాతల్ వైపు ఫోన్ మోగదని ఇంట్లో ముందే చెప్పి, ఏ రోజుకు ఫోన్ రాకపోతే కంగారుపడాలో తేదీ రాసిచ్చి వెళ్లండి. నేను చెప్పకుండా వెళ్లాను, మా ఆవిడ రెండు రాత్రులు నిద్రపోలేదు.

కొత్తపేట_కొండదారి:
సాధన కోసం ఈ రెండు నెలలూ తారు రోడ్డు మానేసి రాచకొండ మట్టిదారులు తొక్కండి, పూర్తి సామానుతో. ఎత్తు అలవాటు కాదు గానీ, బరువున్న సైకిల్ కంకరలో ఎలా జారుతుందో చేతులకు తెలుస్తుంది. వచ్చే ఆదివారం నేనూ వస్తాను. నాంపల్లి నుంచి రైల్లో వెళ్తారా, విమానమా?

రామంతాపూర్_రైడర్:
విమానం, చండీగఢ్ దాకా. ఆదివారం తప్పకుండా వస్తాను, ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర ఐదున్నరకు ఉంటాను.

కొత్తపేట_కొండదారి:
అయితే సైకిల్ బాక్సు కొనకండి. నాది అట్టపెట్టె, మూలలకు టేపు వేసి ఉంది, ఇంకో ప్రయాణానికి ఆగుతుంది. ఆదివారం కారులో వేసుకొస్తాను.