అప్‌డేట్: షాపు ఫేస్‌బుక్ పేజీలో సొంత కోడ్ బాక్సు

మా అక్క మంగళగిరి చీరల షాపు పేజీలో, సొంతంగా రాసిన హెచ్‌టీఎంఎల్‌తో కొత్త స్టాకు బాక్సు పెట్టొచ్చా అని అడిగాను కదా. పని అయింది, దారి మాత్రం వేరు.

పాత గైడ్లు చెప్పే స్టాటిక్ ఎఫ్‌బీఎంఎల్ (ఫేస్‌బుక్ పేజీలో సొంత కోడ్ పెట్టనిచ్చిన పాత యాప్) 2012లోనే ఆగిపోయింది. దాని బదులు వచ్చిన ఐఫ్రేమ్ ట్యాబులూ (బయటి సైటును ఫేస్‌బుక్ పేజీలోనే చూపేవి) మా పేజీలో లేవు. అందుకే ఆ కోడంతా మా సైటులో ఒక పేజీగా పెట్టి, లింకును పోస్టు చేసి పైన పిన్ చేశాం.

అసలు కిటుకు ఓపెన్ గ్రాఫ్ ట్యాగుల్లో ఉంది. లింకు షేర్ చేస్తే ఏ పేరు, ఏ బొమ్మ కనబడాలో ఫేస్‌బుక్‌కు చెప్పే కోడ్ లైన్లివి. సైటు పేజీ కోడ్‌లో పైనుండే ‘హెడ్’ భాగంలో ఓజీ (ఓపెన్ గ్రాఫ్) టైటిల్, ఓజీ ఇమేజ్ రాస్తే లింకే బొమ్మతో సహా చక్కటి బాక్సులా వస్తుంది. బొమ్మ 1200 × 630 పిక్సెళ్లలో పెట్టండి. నిలువు ఫొటో ఇస్తే చీర అంచు తెగిపోయింది. అంచే కనబడకపోతే మంగళగిరి చీర అందం ఎలా తెలుస్తుంది? బొమ్మ మార్చినా పాతదే వస్తుంటే టెన్షన్ పడకండి. పోస్టు చేసే ముందే ఫేస్‌బుక్ వాళ్ల షేరింగ్ డీబగ్గర్‌లో (లింకు ఎలా కనబడుతుందో చూపే టూల్) లింకు ఇచ్చి ‘స్క్రేప్ అగైన్’ నొక్కితే కొత్తది తీసుకుంటుంది.

ఓపెన్ గ్రాఫ్ సంగతి చెప్పినవారికి మా అక్క తరఫున కూడా చాలా థాంక్స్. ఇక వాట్సాప్ బటన్ కలపడం ఒక్కటే మిగిలింది.