తండాల్లో వేలిముద్ర లేకుండా సమ్మతి తీసుకోవడం ఎలా?

పీహెచ్‌డీ రెండో ఏడాదిలో ఉన్నాను. దేవరకొండ వైపు మూడు తండాల్లో లంబాడా మహిళల రక్తహీనత మీద పని. వేలి కొస నుంచి ఒక్క చుక్క రక్తం తీసి హిమోగ్లోబిన్ చూడాలి, 20 నిమిషాలు మాట్లాడాలి. 62 ఇళ్లు తిరిగితే సమ్మతి పత్రం మీద వేలిముద్ర వేసింది 19 మందే.

పరీక్షంటే వాళ్లకు భయం లేదు. ఒక పెద్దమ్మ సూదికి వేలు చాపింది. ఇంకు ప్యాడ్ తెరవగానే చెయ్యి కొంగులో దాచుకుని, "రక్తం తీస్కో బిడ్డా, ఏలిముద్ర మాత్రం అడగకు" అంది. ముద్ర వేస్తే భూమి పోతుందనో, అప్పు మీద పడుతుందనో భయం. ఆ భయాన్ని నేను తప్పుపట్టలేను.

పత్రాన్ని రెండు పేజీలకు కుదించాను. లంబాడాల భాష గోర్ బోలీలో ఆడియో చేయించి వినిపించాను. పత్తి ఏరే రోజులు కాబట్టి సాయంత్రం ఆరు దాటాకే వెళ్తున్నాను. ఆశా కార్యకర్తను తోడు తీసుకెళ్తే తలలూపారు గానీ ముద్ర వేయలేదు. నాకూ బలవంతం చేయాలనిపించలేదు.

ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం, పరిశోధనలకు అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీ ఒప్పుకుంటే కొన్ని పరిస్థితుల్లో సాక్షి ఎదుట ఇచ్చిన నోటిమాట సమ్మతి చెల్లుతుంది. నేను పెట్టిన సవరణను మా కమిటీ "సాక్షి ఎవరో స్పష్టత లేదు" అని తిప్పి పంపింది. తండాకు చెందని, మా బృందంలో లేని, గోర్ బోలీ తెలిసిన మనిషి సాక్షిగా రోజూ సాయంత్రం దొరకడం కష్టం.

ఇలాంటి చోట నోటిమాట సమ్మతికి అనుమతి తెచ్చుకున్నవాళ్లు సాక్షిగా ఎవరిని చూపించారు?