అరిగిన డిస్క్‌కి గ్రోత్ ఫ్యాక్టర్ ఇంజెక్షన్: నిజంగా పెరుగుతుందా?

నీలిమ:
నిన్న నా ఎంఆర్‌ఐ ఫిల్మ్‌ని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూశాను. వెన్నుపూసల మధ్య ఉండే డిస్కుల్లో మిగతావన్నీ మధ్యలో తెల్లగా ఉన్నాయి, నడుము కింది భాగంలోని ఎల్4-ఎల్5 ఒక్కటే బొగ్గుముక్కలా ఉంది. దాంట్లో నీరు ఆరిపోయిందట. నాకు 42 ఏళ్లు. గ్రోత్ ఫ్యాక్టర్ (కణాలను పెరగమని, పనిచెయ్యమని పురిగొల్పే ప్రొటీన్) ఎక్కిస్తే డిస్క్ మళ్లీ పెరుగుతుందని ఒకరు, అదంతా వట్టిదేనని ఇంకొకరు అంటున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఎవరి మాట నమ్మను?

శ్రీధర్:
వట్టిది అనడం అన్యాయం అండి. 1991లోనే కుక్కల డిస్క్ కణజాలానికి ల్యాబ్‌లో టీజీఎఫ్-బీటా అనే గ్రోత్ ఫ్యాక్టర్ కలిపితే, నీటిని పట్టి ఉంచే ప్రొటియోగ్లైకాన్ తయారీ బాగా పెరిగింది. ఆ తర్వాత కుందేళ్ల డిస్కులను సూదితో పొడిచి పాడుచేసి, ఓపీ-1 అనే మరో గ్రోత్ ఫ్యాక్టర్ ఒక్కసారి ఎక్కించి చూశారు. తగ్గిన ఎత్తు తిరిగి వచ్చింది.

రమణ:
ఆ కుందేలు దగ్గరే నాకు పేచీ, శ్రీధర్ గారూ. కుందేలు పెద్దదయ్యాక కూడా దాని డిస్క్‌లో నోటోకార్డ్ కణాలు (పిండదశ నుంచి ఉండే, డిస్క్ మధ్య గుజ్జును తయారుచేసే కణాలు) మిగిలే ఉంటాయి. మనిషికి పదేళ్లు వచ్చేసరికే అవి దాదాపు కనిపించవు. పైగా అక్కడ పాడైంది నిన్నటిదాకా బాగున్న డిస్క్, ఏళ్ల తరబడి ఎండినది కాదు.

అసలు చిక్కు తిండి దగ్గరుంది. పెద్దవాళ్ల డిస్క్ మధ్యలోకి రక్తనాళాలు పోవు. పైనా కిందా ఉన్న పలుచటి మృదులాస్థి పొరల (ఎండ్‌ప్లేట్ల) గుండా గ్లూకోజ్, ఆక్సిజన్ మెల్లగా ఇంకాలి. అక్కడ కణాలున్నదే నూటికి ఒక వంతు. గ్రోత్ ఫ్యాక్టర్ వాటిని ‘ఇంకా పనిచెయ్యండి’ అంటుంది, కానీ తిండి పెట్టదు. ఆకలితో ఉన్నవాడి నెత్తిన ఇంకో మూట పెట్టినట్టే కదా? ఆ ప్రొటీన్ కూడా ఎక్కువకాలం నిలవదు.

సూది సంగతీ తేలిగ్గా తీసుకోకండి. పరీక్ష కోసం డిస్క్‌లోకి సూది గుచ్చినవాళ్లను పదేళ్ల తర్వాత చూస్తే, వాళ్ల డిస్కులు మిగతావాళ్ల కంటే ఎక్కువగా అరిగాయని 2009లో తేలింది. ఓపీ-1 కుటుంబానికే చెందిన బీఎంపీ-2 అనే గ్రోత్ ఫ్యాక్టర్‌ని అమెరికాలో 2002లో అనుమతించింది వెన్నుపూసలను ఎముకతో అతికించడానికి. ఎముకను పెంచే మందు బయటికి కారితే ఏమవుతుందో ఆలోచించండి.

శ్రీధర్:
కుందేలు విషయం ఒప్పుకుంటాను. కానీ మీ వాదన ఆలస్యంగా ఇవ్వడం మీద, మందు మీద కాదు. కణాలు బతికుండగానే, మెల్లగా విడుదలయ్యే జెల్‌లో పెట్టి ఇస్తే? 2016లో పీఆర్‌పీ (రోగి రక్తం నుంచే తీసిన, ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉండే ద్రవం) మీద మనుషుల్లో చేసిన ట్రయల్‌లో ఎనిమిది వారాలకు నొప్పి తగ్గింది కూడా.

రమణ:
నొప్పి తగ్గడం వేరు, డిస్క్ పెరగడం వేరు. జీడీఎఫ్-5 అనే గ్రోత్ ఫ్యాక్టర్‌ని మనుషుల్లో పరీక్షించారు, అయినా అది ఆమోదం పొందిన చికిత్సగా రాలేదు. నీలిమ గారూ, ఒక్క మాట. నొప్పే లేని 40 ఏళ్లవాళ్లను స్కాన్ చేసినా 68 శాతం మందిలో డిస్క్ అరుగుదల కనిపిస్తుంది. ఆ నలుపును చూసి భయపడకండి.

నీలిమ:
68 శాతమా! అయితే రేపు డాక్టర్ గారిని ఇంజెక్షన్ గురించి కాదు, నా నొప్పి ఆ నల్ల డిస్క్ వల్లేనని ఎలా చెబుతున్నారో అడుగుతాను.